నుమాయిష్‌కి కారా, మెట్రోనా? ఇల్లు కదిలే ముందు వేసుకోవాల్సిన లెక్క

రెండేళ్ల కిందట జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఐదింటికి హైదరాబాద్‌ నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి నిజాంపేట నుంచి కారులో బయల్దేరాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. నాంపల్లి చేరడానికి గంటంపావు పట్టింది. అదేం పెద్ద విశేషం కాదు. అక్కణ్నుంచి కారు పెట్టుకునే చోటు కోసం ఇంకో నలభై నిమిషాలు తిరిగాం. చివరికి గోషామహల్ వైపు ఒక సందులో, తాడు కట్టిన ఖాళీ స్థలం దగ్గర నిలబడ్డ కుర్రాడు 150 రూపాయలు అడిగితే బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాం. రాత్రి పదింటికి వచ్చి చూస్తే మా కారు ముందు రెండు వరసల్లో వేరే కార్లు నిలబెట్టి ఉన్నాయి. వాటి ఓనర్లేమో లోపల ఎక్కడో జెయింట్ వీల్ దగ్గర ఉన్నారు. తాడు కట్టిన కుర్రాడు లేడు, తాడూ లేదు. పదకొండున్నర దాకా అత్తయ్య మోకాళ్లు పట్టుకుని కారులోనే కూర్చుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు.

ఆ రాత్రి మేం చేసిన తప్పు కారు తీసుకెళ్లడం కాదు. వెళ్లడం గురించి మాత్రమే ఆలోచించి, తిరిగి రావడం గురించి ఆలోచించకపోవడం. తర్వాతి నుంచి ఊరి నడిబొడ్డున ఏ కార్యక్రమానికి వెళ్లాలన్నా ముందు తిరుగు ప్రయాణం లెక్కేసుకుని, ఆ తర్వాతే వెళ్లేది ఎలాగో తేల్చుకుంటున్నాం. కొన్నిసార్లు ఆ లెక్కలో కారే గెలుస్తుంది, అది కూడా చెప్తాను. ఉదాహరణకు నుమాయిష్‌నే తీసుకుంటున్నాను, ఎందుకంటే హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి పరీక్ష ఇంకోటి లేదు.

ముందుగా: ఆ చోటు ఎలాంటిది

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్న పట్టభద్రులు పెట్టిన ప్రదర్శన అది. 1946లో నాంపల్లిలో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరుగుతుంది. ఈ చరిత్రంతా ఎందుకంటే, గ్రౌండ్ అక్కడికి వచ్చినప్పుడు జనం సైకిళ్ల మీద, గుర్రపు బళ్ల మీద, కాలినడకన వచ్చేవాళ్లు. చుట్టూ ఉన్న మొజంజాహి మార్కెట్, బేగంబజార్, గోషామహల్, అఫ్జల్‌గంజ్ అప్పటికే కిక్కిరిసిన వ్యాపార వీధులు. గ్రౌండ్ అలాగే ఉంది, సందులూ అలాగే ఉన్నాయి. మారింది మనం తెచ్చే బండి సైజు.

మీరు వెళ్లే కార్యక్రమం ఇంకేదైనా సరే, మొదట చూడాల్సింది ఇదే. పాత ఊరి మధ్యలో ఉన్న గ్రౌండా? శిల్పారామం వైపు ఉన్న వెడల్పు రోడ్ల ప్రాంతమా? జనం ఒకేసారి వచ్చి ఒకేసారి పోతారా, లేక రోజంతా వస్తూ పోతూ ఉంటారా? క్రికెట్ మ్యాచ్‌కి అందరూ ఒకేసారి బయటికి వస్తారు. పుస్తక ప్రదర్శనలో అలా ఉండదు. నుమాయిష్ ఈ రెంటికీ మధ్యది. సాయంత్రం 4 గంటల నుంచి మెల్లగా నిండుతుంది, రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఒక్కసారిగా ఖాళీ అవుతుంది.

మొదటి లెక్క: ఎన్నింటికి బయట పడతారు?

కాగితం మీద మొదట రాయాల్సిన అంకె ఇది. వెళ్లే టైము కాదు, గేటు దాటి రోడ్డు మీదికి వచ్చే టైము. పిల్లలుంటే మీరనుకున్నదానికి ముప్పావుగంట కలపండి. రైడ్ల దగ్గర క్యూ, చివర్లో ‘ఇంకొక్కటి’ అనే ఏడుపు, గేటు దగ్గర పీచు మిఠాయి, అన్నీ కలిపితే అంత అవుతుంది.

హైదరాబాద్ మెట్రోలో మామూలు రోజుల్లో చివరి రైలు రాత్రి 11 గంటలకు అంటారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 11 అనేది మియాపూర్, ఎల్‌బీ నగర్, నాగోల్, రాయదుర్గం లాంటి చివరి స్టేషన్ల నుంచి ఆఖరి బండి కదిలే టైము. మీ స్టేషన్‌కి అది ఎప్పుడు వస్తుందో మీరే లెక్క కట్టుకోవాలి. సులువైన సూత్రం ఒకటుంది, స్టేషన్‌కి రెండు నిమిషాలు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా 29 కిలోమీటర్లలో 27 స్టేషన్లు, మొత్తం ప్రయాణం యాభై నిమిషాల పైచిలుకు. కాబట్టి ఈ సూత్రం దాదాపుగా సరిపోతుంది.

నుమాయిష్ పక్కనే ఉన్న స్టేషన్ గాంధీ భవన్. ఎల్‌బీ నగర్ నుంచి లెక్కపెడితే తొమ్మిదో స్టేషన్. అంటే ఎల్‌బీ నగర్‌లో 11కి కదిలిన మియాపూర్ బండి గాంధీ భవన్‌కి 11.18 ప్రాంతంలో వస్తుంది. అటువైపు మియాపూర్‌లో 11కి కదిలింది 11.34 ప్రాంతంలో వస్తుంది. కొన్నేళ్లు నుమాయిష్ రోజుల్లో అర్ధరాత్రి దాకా రైళ్లు నడిపారు. అయితే పోయినేడు నడిపారు కదా అని ఈ ఏడు నమ్ముకోవద్దు, ఆ వారం ప్రకటన చూసుకోండి.

లైను మారాల్సినవాళ్లు ఇంకో లెక్క వేయాలి. హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లు అమీర్‌పేట్‌లో మారాలి. గాంధీ భవన్‌లో 11.18కి ఎక్కితే అమీర్‌పేట్‌కి ఏడు స్టేషన్లు, 11.32 అవుతుంది. నాగోల్‌లో 11కి కదిలిన ఆఖరి రాయదుర్గం బండి అమీర్‌పేట్‌కి 11.26కే వచ్చి పోతుంది. ఆరు నిమిషాల్లో చెయ్యి జారిపోయినట్టే. బండ్లు ఒకదానికోసం ఒకటి కాసేపు ఆగుతాయేమో అని ఆశపడొచ్చు కానీ ఆ ఆశ మీద పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరకూడదు. లైను మారేవాళ్లు గాంధీ భవన్‌లో రాత్రి 10.45 కల్లా రైలెక్కేలా పెట్టుకోవడం మంచిది.

మీరు బయటపడే టైము 10.30 లోపైతే మెట్రో పనికొస్తుంది. 11 దాటుతుందంటే మెట్రో జాబితాలోంచి తీసేయండి. ఒక్క అంకెతో సగం నిర్ణయం అయిపోతుంది.

రెండో లెక్క: గుమ్మం నుంచి గుమ్మం దాకా

మ్యాప్‌లో కారుకి ‘55 నిమిషాలు’ అని చూపిస్తే అది రోడ్డు మీద కదిలే టైము మాత్రమే. పార్కింగ్ వెతకడం, అక్కణ్నుంచి నడవడం అందులో ఉండవు. మెట్రోకి చూపించే టైములో మీ ఇంటి దగ్గర ఆటో దొరకడం, స్టేషన్‌లో బ్యాగుల స్కానర్ దగ్గర క్యూ ఉండవు. రెంటికీ ఈ ముక్కలు కలిపితేనే నిజం తెలుస్తుంది.

మా ఇంటి లెక్క చెప్తాను, దాన్ని చూసి మీది వేసుకోండి. ఆటోలో జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌కి 15 నిమిషాలు. మెట్లెక్కి, చెకింగ్ అయ్యి, బండి వచ్చేదాకా 10. అక్కణ్నుంచి గాంధీ భవన్‌కి 16 స్టేషన్లు, 32 నిమిషాలు. దిగి గేటు దాకా 5. మొత్తం గంటకి రెండు నిమిషాలు ఎక్కువ. ఆదివారమైనా మంగళవారమైనా దాదాపు ఇంతే, అదే దీని గొప్పతనం.

కారు సంగతి రోజును బట్టి మారుతుంది. ఆదివారం సాయంత్రం రోడ్డు మీద 75, పార్కింగ్‌కి 30 నుంచి 40, నడక 10. రెండు గంటలకు కాస్త అటూఇటూ. అదే పని రోజున మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే రోడ్డు మీద 55, పార్కింగ్ 10, నడక 5. మెట్రోకీ దానికీ పెద్ద తేడా లేదు. అందుకే ‘కారా, మెట్రోనా’ అని ఎవరైనా అడిగితే నేను మొదట ‘ఏ రోజు’ అని అడుగుతాను.

ఇంకొకటి. సగటు కన్నా చెడ్డ రోజు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మెట్రోలో చెడ్డ రోజంటే రెండు బండ్లు నిండిపోయి మూడోది ఎక్కడం, ఇరవై నిమిషాల ఆలస్యం. కారులో చెడ్డ రోజంటే పైన చెప్పిన మా ఆదివారం.

మూడో లెక్క: ఎవరెవరు వస్తున్నారు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది, మ్యాప్‌లో కనపడనిది కూడా ఇదే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ‘మెట్రో దగ్గరే కదా’ అని తేల్చేయకండి. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. కానీ అవి రోడ్డుకి ఏ వైపున ఉన్నాయో తెలియకపోతే అవతలి వైపు దిగి మళ్లీ దాటాల్సి వస్తుంది. పైగా నుమాయిష్ గ్రౌండే ఇరవై ఎకరాల పైన. లోపలి నడకకే వాళ్ల ఓపిక అయిపోతుంది, తిరిగొచ్చేటప్పుడు నిలబడి ప్రయాణం చేయలేరు. మా అత్తయ్య కోసం మేం కనిపెట్టిన పద్ధతి ఇది. వెళ్లేటప్పుడు, ఇంకా రద్దీ లేని నాలుగింటికి, అందరం మెట్రోలో వెళ్తాం, సీటు దొరుకుతుంది. ఎనిమిదింటికల్లా అత్తయ్య, నేను, చిన్నది క్యాబ్‌లో ఇంటికి వచ్చేస్తాం. పెద్దాడూ వాళ్ల నాన్నా వాళ్ల రైడ్లన్నీ అయ్యాక పదింటికి మెట్రోలో వస్తారు. ఒక కుటుంబం అంతా ఒకే బండిలో వెళ్లి ఒకే బండిలో రావాలన్న నియమం ఏమీ లేదు. ఆ ముడి విప్పుకుంటే సగం చిక్కులు పోతాయి.

చంటిపిల్లలుంటే తోపుడు బండి తీసుకెళ్లొద్దు, ఆ జనంలో తోయలేరు. మూడడుగుల లోపు పిల్లలకు మెట్రోలో టికెట్ అక్కర్లేదు.

ఇక సామాను. నుమాయిష్‌కి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చినవాళ్లని నేను చూడలేదు. లక్నో చికన్ కుర్తాలు, కశ్మీరు శాలువాలు, డ్రైఫ్రూట్స్, ఊరగాయ జాడీలు మెట్రోలో తెచ్చుకోవచ్చు. బెడ్డు మీదికి పెద్ద రజాయో, చెక్క కుర్చీయో, తివాచీయో కొనే ఉద్దేశం ఉంటే అవి స్కానర్‌లో పట్టవు, గేటు దగ్గరే ఆపేస్తారు. అలాంటి కొనుగోళ్లకి వేరే రోజు పెట్టుకోండి. పని రోజున మూడున్నరకల్లా కారులో వెళ్లి, గేటు తెరవగానే కొని, ఆరింటికల్లా బయట పడండి.

డబ్బు లెక్క త్వరగా

చాలామంది దీంతో మొదలుపెడతారు కానీ దీని బలం తక్కువ. 2025 మే తర్వాతి సవరణల ప్రకారం మెట్రో కనీస ఛార్జీ 11 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 69. మా స్టేషన్ నుంచి మనిషికి సుమారు 60. ఒక్కరే వెళ్తే రానూపోనూ 120, షేర్ ఆటోతో కలిపి 160. అదే కారైతే నలభై కిలోమీటర్లు, ఆ ట్రాఫిక్‌లో లీటరుకి 12 వచ్చినా మూడున్నర లీటర్ల దాకా పెట్రోలు. లీటరు 107 చొప్పున 350 పైనే, పార్కింగ్‌తో 450 నుంచి 500. ఒక్కరికీ ఇద్దరికీ మెట్రోయే చవక.

మా ఐదుగురికి మాత్రం మెట్రో 600, ఆటోలతో కలిపి 800 దాకా అవుతుంది. అంటే డబ్బు లెక్కలో కారే గెలిచింది. బైకు మీద ఒక్కరే వెళ్తే మెట్రోతో సమానం, ఇంకా తక్కువే కావచ్చు. కాబట్టి కుటుంబంతో మెట్రోలో వెళ్తున్నామంటే మేం డబ్బు ఆదా చేయడం లేదు, ఆ మూడొందలకు టెన్షన్ లేని సాయంత్రం కొనుక్కుంటున్నాం. మీకు ఆ బేరం నచ్చకపోతే అదీ సబబే.

మధ్యేమార్గం: సగం దూరం కారు, సగం మెట్రో

జిల్లాల నుంచి, ఊరి చివర్ల నుంచి వచ్చేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. కారుని ఊరి నడిబొడ్డుకి తేకండి, అంచున ఆపండి.

విజయవాడ, సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి వస్తే ఎల్‌బీ నగర్‌లో ఆపి అదే లైనులో నేరుగా గాంధీ భవన్. సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు నుంచి వస్తే మియాపూర్. అదీ నేరుగానే. వరంగల్, భువనగిరి వైపు నుంచి వస్తే నాగోల్ లేదా ఉప్పల్, కాకపోతే అమీర్‌పేట్‌లో లైను మారాలి. కరీంనగర్, సిద్దిపేట రోడ్డు నుంచి వస్తే జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ దగ్గర గ్రీన్ లైను ఎక్కి ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దిగి, అక్కడ రెడ్ లైనులో మియాపూర్ బండి ఎక్కాలి. గాంధీ భవన్ అక్కడికి రెండో స్టేషనే. శంషాబాద్, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు మాత్రం దారిలో మెట్రో లేదు. వాళ్లు ఆర్టీసీ బస్సులో ఎంజీబీఎస్‌కి వచ్చి అక్కణ్నుంచి మెట్రో ఎక్కితే ఈ గొడవంతా తప్పుతుంది. అసలు జిల్లా బస్సులో ఎంజీబీఎస్‌లో దిగేవాళ్లకి నుమాయిష్ దగ్గర ఉన్నంత ఇంకెవరికీ లేదు.

స్టేషన్ దగ్గర పార్కింగ్‌లో పెట్టేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఫీజు గంటకా, రోజుకా? రాత్రి గేటు ఎన్నింటికి మూస్తారు? రెండోది అడగకపోతే ఆఖరి రైలు దిగి వచ్చాక గొలుసేసిన గేటు చూడాల్సి వస్తుంది. అన్ని స్టేషన్ల దగ్గరా కార్లకు చోటు లేదు, చాలాచోట్ల బైకులకే. అందుకే మధ్య స్టేషన్లని నమ్ముకోకుండా చివరి స్టేషన్లకే వెళ్లండి.

కారే అని తేలితే

తేలొచ్చు. అల్వాల్, కొంపల్లి, ఈసీఐఎల్ వైపు మెట్రో లేదు. ఇంట్లో నడవలేనివాళ్లు ఉండొచ్చు. పని రోజు మధ్యాహ్నమే కావచ్చు. అప్పుడు ఇలా చేయండి.

బయల్దేరే రోజు పొద్దున ట్రాఫిక్ పోలీసుల మళ్లింపుల ప్రకటన చదవండి. నుమాయిష్ రోజుల్లో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా మొజంజాహి మార్కెట్, ఏఆర్ పెట్రోల్ పంప్, తాజ్ ఐలాండ్, అలస్కా కూడళ్ల పేర్లు అందులో ఏటా కనిపిస్తాయి. ఈ నాలుగు చోట్లా మీ దారి తిప్పేయొచ్చు. మ్యాప్ చెప్పే దారిలో ఈ పేర్లు ఉంటే ఆ దారి కాగితం మీద మాత్రమే ఉన్నట్టు.

గ్రౌండ్ గేటుకి దగ్గరగా పార్కింగ్ దొరుకుతుందేమో అని చుట్టూ తిరగడం మానేయండి. పదిహేను నిమిషాల నడక దూరంలో, సక్రమంగా రసీదు ఇచ్చే పార్కింగ్ చూసుకోండి. కారు ముందు ఇంకో కారు పెట్టనివ్వని చోటే కావాలి. మేం ఆ ఆదివారం పోగొట్టుకున్న గంటన్నర అక్కడే పోయింది. తాడు కట్టి డబ్బులు అడిగే మనిషి దగ్గర ఆపాల్సి వస్తే కనీసం రోడ్డు వైపు మొదటి వరసలో, బయటికి ముఖం పెట్టి నిలబెట్టండి. రోడ్డు పక్కన ఖాళీగా కనిపిస్తే, ఆ ఖాళీ ఎందుకు మిగిలిందో ఒకసారి ఆలోచించండి. సాధారణంగా దానికి జవాబు చక్రానికి వేసే క్లాంపు.

కారు దిగగానే లొకేషన్‌ని ఇంట్లోవాళ్లందరి ఫోన్లకీ పంపండి, పక్కనున్న దుకాణం బోర్డు ఫొటో తీయండి. జనం మధ్య నెట్‌వర్క్ నీరసపడుతుంది. అప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

తిరిగి వచ్చేటప్పుడు తొమ్మిదిలోపు కదలండి, లేదా పదకొండు దాటాక. మధ్యలో అందరూ కదులుతారు.

మెట్రో అని తేలితే

టికెట్ ఇంటి దగ్గరే ఫోన్‌లో తీసుకోండి. వెళ్లే టికెట్‌తో పాటు తిరుగు టికెట్ కూడా, లేదంటే కార్డులో అందరికీ సరిపడా డబ్బులు. రాత్రి పదింటికి గాంధీ భవన్ కౌంటర్ ముందు క్యూ మెట్ల దాకా వస్తుంది. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే టికెట్ కూడా పోయినట్టే కాబట్టి పవర్‌బ్యాంక్ ఉంచుకోండి. ఒకే ఫోన్‌లో ఐదుగురి టికెట్లు ఉంటే, ఫోన్ ఉన్న మనిషి గేటు దగ్గర నిలబడి మిగతావాళ్లని దాటించి చివర్లో తను దాటాలి. చాలామంది ముందు తను దాటేసి తర్వాత వెనక్కి చెయ్యి చాపుతుంటారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన కిటుకు. తిరుగు ప్రయాణంలో అందరూ గాంధీ భవన్‌లోనే ఎక్కుతారు. మీరు మీ రైలు గాంధీ భవన్ కంటే ముందు ఆగే స్టేషన్‌కి నడిచి వెళ్లి ఎక్కండి. అది ఏ స్టేషనో మీ దిక్కుని బట్టి ఉంటుంది. ఎల్‌బీ నగర్ వైపు వెళ్లేవాళ్లకి నాంపల్లి ముందు వస్తుంది, గాంధీ భవన్ తర్వాత. నాంపల్లిలో ఎక్కితే ఆ గుంపు ఎక్కేలోపే మీరు లోపల ఉంటారు. మియాపూర్ వైపు వెళ్లేవాళ్లకి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్ ముందు వస్తుంది. రెండూ నడిచి వెళ్లగలిగే దూరమే. పది పదిహేను నిమిషాల నడక. గాంధీ భవన్‌లో రెండు బండ్లు వదిలేసే టైముతో పోలిస్తే ఎక్కువేం కాదు. మన రైళ్లకు మూడే బోగీలు, కాబట్టి ఒక స్టేషన్ తేడా బాగా తెలుస్తుంది. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే మాత్రం ఈ నడక వద్దు, తొమ్మిదికే బయల్దేరండి.

బస్సు, ఎంఎంటీఎస్, క్యాబ్

బస్సుని తక్కువ చేయకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. మా కాలనీలో ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి పని రోజున మధ్యాహ్నం 218 ఎక్కి వెళ్లొస్తారు. పటాన్‌చెరు నుంచి కూకట్‌పల్లి, అమీర్‌పేట్ మీదుగా కోఠి వెళ్లే బస్సు అది. కొండాపూర్ వైపు వాళ్లకి 127కె ఉంది. బస్సు కూడా కారు ఇరుక్కున్న ట్రాఫిక్‌లోనే ఇరుక్కుంటుంది. కాకపోతే పార్కింగ్ వెతకదు, అంతే తేడా. మళ్లింపులు ఉన్న రోజున ఏ స్టాపులో ఎక్కాలో దిగేటప్పుడే కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట్ వాళ్లకి మంచిది. నాంపల్లి రైల్వే స్టేషన్‌లో దిగితే గ్రౌండ్ నడిచేంత దూరం, టికెట్ కూడా నామమాత్రమే. బండ్లు తక్కువ, రాత్రి ఇంకా తక్కువ. వెళ్లడానికి వాడుకోండి, రావడానికి దాని మీద ఆధారపడొద్దు.

క్యాబ్‌కి ఒకటే సూత్రం. గేటు ముందు నిలబడి బుక్ చేయొద్దు. రేటు రెండింతలు చూపిస్తుంది, డ్రైవర్ లోపలికి రాలేక ‘మేడం, మీరే మెయిన్ రోడ్డుకి రండి’ అంటాడు, తర్వాత క్యాన్సిల్ చేస్తాడు. మెట్రోలో నాలుగో ఆరో స్టేషన్లు దాటి ఖైరతాబాద్‌లోనో పంజాగుట్టలోనో దిగి అక్కడ బుక్ చేయండి. ఇంటికి నేరుగా మెట్రో లేనివాళ్లకు, ఆఖరి కనెక్షన్ తప్పిపోయినవాళ్లకు ఇదే మార్గం.

మిగతా కార్యక్రమాలకు ఇదే లెక్క

వినాయక నిమజ్జనం రోజున లెక్కే అక్కర్లేదు, కారు ఇంట్లో ఉంచండి. ట్యాంక్‌బండ్ చుట్టూ రోడ్లు వాహనాలకు మూసేస్తారు. ఖైరతాబాద్ గణేశుడి దర్శనానికైతే ఖైరతాబాద్ స్టేషన్ దగ్గర, అయితే ఆఖరి ఆదివారం ఆ స్టేషన్‌లో కూడా తొక్కిడే. లక్డీకాపూల్‌లో దిగి నడవండి.

ఉప్పల్‌లో రాత్రి మ్యాచ్ ఉంటే స్టేడియం పేరుతోనే బ్లూ లైనులో స్టేషన్ ఉంది. మ్యాచ్ ముగిసేసరికి పదకొండు దాటొచ్చు కాబట్టి ఆ రోజు రైళ్లు పొడిగించారో లేదో చూసుకోండి. పొడిగించిన రోజున అన్ని స్టేషన్లలో దిగనిచ్చినా, ఎక్కడానికి కొన్నింటిలోనే అనుమతిస్తుంటారు.

రవీంద్రభారతిలో నాటకమో కచేరీయో అయితే ఇంత తలనొప్పి లేదు. లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు రెండూ నడిచేంత దూరంలో ఉన్నాయి, కార్యక్రమం తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది. ఇందిరా పార్కు ఎదురుగా డిసెంబర్‌లో జరిగే పుస్తక ప్రదర్శనకి నేను కారులోనే వెళ్తాను, పని రోజు మధ్యాహ్నం. పుస్తకాల బరువు మోసుకుని మెట్రో మెట్లెక్కే వయసు నాది కాదు.

పోయిన జనవరిలో ఈ లెక్కంతా వేసుకుని, గురువారం నాలుగింటికి మెట్రోలో వెళ్లాం. అత్తయ్యకి వెళ్లేటప్పుడు సీటు దొరికింది, ఎనిమిదింటికి క్యాబ్‌లో ఇంటికి తీసుకొచ్చాను. పెద్దాడు, వాళ్ల నాన్న పది ముప్పావుకి ఇంటికొచ్చారు. చేతిలో అత్తయ్య కోసం కొన్న ప్లాస్టిక్ స్టూలు ఉంది. స్కానర్‌లో పట్టిందా అని అడిగితే, కాళ్లు విడదీసి పెట్టించారట.